గాజుల చీటీ

లాసన్స్ బే కాలనీ,
విశాఖపట్నం.

అమ్మా,

నువ్వు రాస్తున్న కవిగారి జీవితచరిత్ర, నలభై పేజీలూ అందాయి. ఫోన్లోకి తోసెయ్యకుండా కాగితాల మీద పంపావు, నా కళ్ళ మీద దయుంచినట్టే. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని.

మొదటి వాక్యంలోనే దొరికిపోయావు. మీ కవిగారు "సాధారణ నామ సంవత్సరం పుష్య మాసంలో, అంటే 1910 జనవరిలో" పుట్టారన్నావు. సాధారణ మొదలైందే 1910 ఉగాదికి. దాని పుష్య మాసం వచ్చింది 1911 జనవరిలో. నీ లెక్కన ఆయన తన సంవత్సరం కంటే ముందే పుట్టేశారు! ఒక్క ఏడాదేగా అనుకోకు. ఆ ఏడాది కదిలితే వెనకాలున్నవన్నీ కదుల్తాయి. మూడో అధ్యాయంలో "ఎనిమిదో ఏట తండ్రిని పోగొట్టుకున్న పసివాడు" అని నా చేత కంటతడి పెట్టించావు కదా, ఆ పసివాడికి అప్పటికి నడుస్తున్నది ఏడో ఏడే.

ఇంగ్లీషు పాఠాలు చెప్పుకునే మీకు తెలుగు కవుల జీవితాలు ఎందుకు పట్టుకున్నాయి మాస్టారూ అని అడిగావు. క్లాసులో బాస్వెల్ చెప్పేవాణ్ణి, ఇంగ్లీషు రచయిత జాన్సన్ జీవితచరిత్ర రాసినవాడు. 1763లో జాన్సన్‌ని కలిసినవాడు పుస్తకం అచ్చు వేసేసరికి 1791. అన్నేళ్ళూ ఏం చేశాడండీ అని వెనక బెంచీ కుర్రాడొకడు అడిగాడు. "విన్నాడు. ఇంటికెళ్ళి రాసుకున్నాడు" అన్నాను. ఆ మాట అనేశాక నాకే సిగ్గేసింది. మన ఊళ్ళో అలా కూర్చుని వినాల్సిన ముసలాళ్ళు ఎంతమంది ఉండేవారు! ఆ వేసవిలోనే తిరగడం మొదలుపెట్టాను.

తీరా దిగాక తెలిసింది, నా ఇంగ్లీషే నాకు పనికొచ్చిందని. గురజాడ అప్పారావు గారు కన్యాశుల్కం రాసింది మన వాడుక తెలుగులో. ముందుమాట మాత్రం ఇంగ్లీషు, ఆయన డైరీలూ ఇంగ్లీషే. ఆ తరం చదువుకున్నవాళ్ళు తెలుగులో కవిత్వం రాసినా, ఇంటి లెక్కల్నీ లోపలి దిగుళ్ళనీ ఇంగ్లీషులో పెట్టుకోవడం మామూలే. ఆ ఇంగ్లీషు తీరు తెలియకపోతే తప్పులో కాలేస్తాం. నువ్వూ వేశావు. కవిగారు కలెక్టరుకి రాసిన అర్జీ కింద "మీ మిక్కిలి విధేయ సేవకుడు" అని ఉందని, దాని మీద ఆయన వినయం గురించి పేజీన్నర రాశావు. అప్పట్లో ప్రతి గుమాస్తా ప్రతి అర్జీ కిందా అదే రాసేవాడమ్మా. పైవాణ్ణి తిడుతూ రాసినా చివర అదే మాట. ఆ పేజీన్నర కొట్టేశాను, ఏమనుకోకు.

కె.ఆర్. శ్రీనివాస అయ్యంగార్ గారి పేరు విన్నావు కదా. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఇంగ్లీషు ప్రొఫెసరుగా చేసి, 1966లో వైస్ చాన్సలర్ అయ్యారు. 1939లోనే లిట్టన్ స్ట్రాచీ మీద పుస్తకం రాశారాయన. స్ట్రాచీ ఎవరనుకున్నావు? 1918లో నలుగురు విక్టోరియా కాలపు పెద్దల జీవితాలు రాసి, వాళ్ళకి జనం కట్టిన గుళ్ళకి బీటలు పెట్టినవాడు. అతణ్ణి అంత చదువుకున్న మనిషి 1945లో అరవిందుల జీవితం రాసేటప్పటికి భక్తుడైపోయారు. రాతప్రతిని అరవిందులే చూసి దిద్దారు. తేదీ తప్పైతే సరిచెయ్యడానికి ఆ మనిషే ఎదురుగా ఉండడం ఎంత అదృష్టం! అంత ఇరకాటం కూడానూ. ఆ పుస్తకమంటే నాకు గౌరవమే. కానీ చదువుతున్నంతసేపూ దిద్దిన చెయ్యి గుర్తొస్తుంటుంది.

నన్ను దిద్దిన చెయ్యి వేరు. అది నాకు కాఫీ ఇచ్చిన చెయ్యి.

నా మొదటి పుస్తకం అప్పుడు ఒక కవిగారి భార్య ట్రంకు పెట్టె నా ముందు పెట్టి, "అన్నీ నీవే నాయనా" అన్నారు. పెట్టె తెరిస్తే కలరా ఉండల వాసన. పేపరు కటింగుల మధ్య రెండు కాగితాలు దొరికాయి. ఒకటి రెండు జతల బంగారు గాజులకి షావుకారు ఇచ్చిన తాకట్టు చీటీ. రెండోది ఆయన తొలి కవితా సంపుటికి ప్రెస్సువాళ్ళు ఇచ్చిన అడ్వాన్సు రసీదు. రెండిటికీ మధ్య నాలుగు రోజులు. చీటీ ఆవిడకి చూపించాను. ఆవిడ కాసేపు దాన్నే చూసి, "ఇది వద్దులే నాయనా, ఆయనకి చిన్నతనం" అన్నారు. సరేనన్నాను. పుస్తకంలో "మిత్రుల సహకారంతో" సంపుటి వెలువడిందని రాశాను. ఏ మిత్రులు? నేనే పుట్టించాను.

2015లో వాళ్ళమ్మాయి కలిసింది. ఆవిడ పోయి అప్పటికి చాలా ఏళ్ళు. "అమ్మ గాజుల సంగతి మీకు కూడా తెలియలేదా మాస్టారూ? మీ పుస్తకంలోనైనా ఉంటుందనుకున్నాను" అంది.

ఇంటికొచ్చి పెట్టె దింపాను. అంతకు ముందు ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్‌కి మా ఇంటి కిటికీ అద్దాలు పోయి, అటకంతా నీళ్ళు. కాగితాలు బట్టల తీగ మీద ఆరేసినమాట నిజమే గాని, ఒక్కోటీ విప్పి చూసుకోలేదు. ఇంకుతో రాసిన చీటీ నీలం మరకై పోయింది. పెన్సిలు రాత నీళ్ళకి కరగదు కాబట్టి నా నోట్సు మిగిలింది. అందులో తేదీ లేదు, మొత్తం లేదు, షావుకారు పేరు లేదు. "గాజుల చీటీ, వద్దు" అని మూడు ముక్కలున్నాయి.

అందుకే చెప్తున్నాను. ఇంట్లోవాళ్ళకి అన్నీ చూపించు, వాళ్ళు చెప్పింది కూడా రాసుకో, కానీ వద్దన్నారని కాగితం పక్కన పెట్టెయ్యకు. వాళ్ళ బాధ నిజమే అనిపిస్తే ఆ మాట ఎలా రాయాలో నాలుగు రోజులు ఆలోచించు. అచ్చు వెయ్యకపోయినా సరే, దొరికిన ప్రతిదీ ఆ రోజే తేదీతో, అంకెతో సహా పెన్సిలుతో ఎత్తి రాసుకో. ఫోన్లో ఫొటో తీస్తున్నానంటావు. తియ్యి. ఎత్తి రాయడం కూడా చెయ్యి. ఆ నాలుగు రోజుల్లాంటి తేడాలు రాస్తుంటేనే కనపడతాయి.

మిగతా దిద్దుళ్ళు మార్జిన్లో ఉన్నాయి. శైలి గురించి ఇప్పుడేం అనను, అది తర్వాతైనా కుదుర్తుంది. ఇరవై మూడో పేజీలో మాత్రం కవిగారు "చిరునవ్వుతో కన్నుమూశారు" అని ఉంది. ఆ రాత్రి ఆయన పక్కన ఎవరున్నారు? వాళ్ళలో ఇంకా ఎవరైనా ఉంటే, వెళ్ళి అడిగి, మళ్ళీ రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు