బ్రేక్ తొక్కితే కుర్చీ వెనక్కి పోతోంది: పెడల్స్‌ని కుర్చీకే కట్టండి

కంప్యూటర్‌లో కార్ రేసింగ్ ఆట ఆడేటప్పుడు బ్రేక్ పెడల్ తొక్కితే కుర్చీ వెనక్కి పోతోందని అడిగిన్రు. తప్పు పెడల్స్‌ది కాదు తమ్మీ, కింద చక్రాలున్న మీ ఆఫీసు కుర్చీది. మీ జీ29 (లాజిటెక్ వాళ్ల రేసింగ్ ఆట స్టీరింగ్, పెడల్స్ సెట్) బ్రేక్ లోపల రబ్బరు దిమ్మ ఉంటది, కాలితో గట్టిగా నూకాల్సిందే. నున్నటి టైల్స్ మీద ఆ బలానికి కుర్చీ వెనక్కి జారుతది. పెడల్స్‌ని గోడకు ఆనించినా కుర్చీ ఆగదు. హన్మకొండ అద్దె గదిలో ఓనరు గోడకు మేకు కొట్టనియ్యడని రాసిన్రు కదా, అసలు గోడతో పనే లేదు.

అందరూ మర్చిపోయేది ఒక్కటే: కుర్చీ, పెడల్స్ రెండూ ఒకే చట్రం మీద ఉండాలె. అప్పుడు మీరు ముందుకు నూకేది, వెనక్కి నూకేది ఆ చట్రంలోనే సరిపోతది.

1. చక్రాల కుర్చీ పక్కన పెట్టి, నాలుగు కాళ్ల కుర్చీ తీసుకోండి.
2. కూర్చుని బ్రేక్ పూర్తిగా తొక్కండి. మోకాలు కొంచెం వంగే ఉండాలె. కుర్చీ కాళ్ల నుంచి పెడల్స్ దాకా ఉన్న దూరం సుద్దతో గుర్తు పెట్టుకోండి.
3. ఆ కొలతకు రెండు ఇనుప చదరపు గొట్టాలు కోయించి, ముందు ప్లైవుడ్ ముక్క బిగించండి. పెడల్స్ అడుగున రంధ్రాలున్నయ్, బోల్టులు అక్కడే.
4. వెనక కుర్చీ కాళ్లను గొట్టాలకు క్లాంపులతో పట్టించండి. తాడు వద్దు, సాగుతది. నేను మొదట తాడే కట్టి ఒక ఆదివారం పాడు చేసుకున్న.

కుర్చీ వైపు వింగ్ నట్లు (చేత్తోనే తిప్పే రెక్కల నట్లు) వాడితే, ఆట అయినంక విప్పి మంచం కిందికి తోసెయ్యొచ్చు.