ముందు ఇత్తడిని కొలవండి

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటాను. సెలవు రోజుల్లో క్లబ్బుకి వెళ్ళి 300 గజాల దూరంలో కాగితం టార్గెట్లు కొడతాను. ఈమధ్య ఒకరు వాడిన, 6 ఎంఎం బీఆర్ అనే తూటాకి చేసిన బ్యారెల్ కొని, గన్‌స్మిత్ చేత నా రైఫిల్‌కి బిగించుకున్నాను. గో గేజ్ సరిగ్గా కూర్చుందని ఆయన చూపించారు కూడా. బ్యారెల్ మీద ‘.268 ఎన్‌కే’ అని చెక్కి ఉంది. లాపువా కంపెనీ వాళ్ళ కొత్త ఇత్తడి కేసులతో (తూటా గొట్టాలతో) 50 తూటాలు కట్టుకున్నాను. ఒక్కదాని మీదా బోల్ట్ తేలిగ్గా మూతపడటం లేదు, గట్టిగా నొక్కితే దిగుతోంది. తోటి షూటర్ ఒకాయన, ‘ఇత్తడి మెత్తన, ఒక్క దెబ్బకి అదే సర్దుకుంటుంది, కాల్చెయ్’ అంటున్నారు. కాల్చవచ్చా?

జవాబు: వద్దు. ఒక్కటి కూడా కాల్చకండి. ఇంటికెళ్ళగానే ఆ 50 తూటాల్లోంచీ పుల్లర్ అనే పనిముట్టుతో కేసు మూతిలో బిగించిన బుల్లెట్లు లాగేసి, లోపలి మందు తీసి పక్కన పెట్టండి.

‘ఎన్‌కే’ అంటే నెక్, కేసు మెడ. బ్యారెల్‌లో తూటా కూర్చునే గది చాంబర్. మీ చాంబర్‌లో మెడ పట్టే చోటు వ్యాసం 0.268 అంగుళాలని ఆ బ్యారెల్ చెబుతోంది. ఇప్పుడు మీ తూటా లెక్క చూడండి. బుల్లెట్ వ్యాసం 0.243. ఆ కేసుల మెడ గోడ మందం ఇంచుమించు 0.013. అటూ ఇటూ కలిపితే 0.026. మొత్తం 0.269. రంధ్రం కంటే మీ తూటాయే ఒక థౌ (అంగుళంలో వెయ్యో వంతు) లావు.

తూటా పేలినప్పుడు మెడ ముందు వెడల్పయితేనే బుల్లెట్‌ని వదులుతుంది. ఇత్తడి మెత్తనే, మీ మిత్రుడు చెప్పింది నిజమే. కానీ దాని చుట్టూ ఉన్నది ఉక్కు. జరగడానికి చోటు లేకపోతే మెడ బుల్లెట్‌ని పట్టుకునే ఉంటుంది, వెనకాల ప్రెషర్ ప్రమాదకరంగా పెరిగిపోతుంది. ఆ బోల్ట్ వెనక ఉండేది మీ కన్ను.

గో గేజ్ మిమ్మల్ని మోసం చెయ్యలేదు. అది కొలిచేది బోల్ట్ ముఖం నుంచి భుజం (మెడ కింద ఏటవాలుగా ఉండే భాగం) దాకా ఉన్న పొడవు ఒక్కటే. మెడని అది తాకదు.

ఇంత బిగువు చాంబర్లు ఎందుకు చేస్తారని మీకు అనిపించవచ్చు. లూయీ పాల్మిసానో అనే సర్జన్, ఫెరిస్ పిండెల్ అనే టూల్‌మేకర్ కలిసి 1975లో 6 ఎంఎం పీపీసీ అనే తూటాని తయారు చేశారు. బెంచ్‌రెస్ట్ పోటీల (రైఫిల్‌ని బల్ల మీద ఆనించి కాల్చే పోటీల) వాళ్ళు దానికి 0.262 మెడ పెట్టుకుని, ప్రతి కేసు మెడనీ పైనుంచి చెక్కి గోడ అంతా ఒకే మందానికి తెస్తారు. గోడ సమంగా ఉంటే బుల్లెట్ బ్యారెల్ నడిమధ్యలో నిలుస్తుంది. మీ బ్యారెల్ పాత యజమాని కూడా అలా చెక్కుకునే మనిషే అయి ఉండాలి. ఫ్యాక్టరీ రైఫిళ్ళకి ఈ తంటా లేదు. ప్రమాణాల ప్రకారం ఎవరు చేసిన కేసైనా పట్టాలి కాబట్టి అక్కడ మెడ వదులుగానే ఉంచుతారు.

నేను పని నేర్చుకున్నది హైదరాబాద్ బాలానగర్‌లో, సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో. అక్కడ మాకు మొదట అబ్బింది, రీమర్ (రంధ్రాన్ని సరైన కొలతకి కోసే పనిముట్టు) సైజుని బట్టి రంధ్రం, రంధ్రాన్ని బట్టి షాఫ్ట్. చాంబర్ దగ్గర ఇది తిరగబడుతుంది. ఇక్కడ షాఫ్ట్ అంటే ఇత్తడి కేసు, అది ఫిన్లాండ్‌లో తయారై వస్తుంది. రంధ్రమే దాని వెంట నడవాలి. మా ఊళ్ళో కమ్మరి బండిచక్రానికి పట్టా వేసేటప్పుడు చక్రం చుట్టూ కొలిచాకే ఇనుము కోసేవాడు. ఆ మాట తలకెక్కడానికి నాకు ఒక బ్యారెల్ ఖర్చయింది. చేతిలో ఉన్న ఒక్క డబ్బా కేసులు కొలిచి (గోడ 0.0125 వచ్చింది), 0.270 మెడతో రీమర్ చేయించుకున్నాను. మరుసటి డబ్బాలో గోడ 0.013. సందు రెండు థౌల నుంచి ఒక థౌకి పడిపోయింది. కాల్చిన కేసులో కొత్త బుల్లెట్ వేస్తే లోపలికి జారలేదు, అంటే మెడ వెడల్పవడానికి చోటు చాలలేదు. అప్పుడు ఆపాను. అందుకే ఇప్పుడు రీమర్ ఆర్డర్ చేసే ముందు రెండు మూడు లాట్లలోంచి కేసులు తీసి, గుండ్రటి ఆన్విల్ (కొలిచేటప్పుడు ఆనే మొన) ఉన్న మైక్రోమీటర్‌తో ఒక్కో మెడని నాలుగు వైపులా కొలుస్తాను. మందూ, దాన్ని అంటించే ప్రైమరూ లేని డమ్మీ తూటా కట్టి, దాన్నే రీమర్ చేసేవాళ్ళకి పంపుతాను. అన్నిటికంటే లావుగా వచ్చిన కొలతకి మూడు థౌలు కలిపితే, చెక్కకుండా వాడుకునే చాంబర్ వస్తుంది.

మీకు రెండు దారులున్నాయి. మొదటిది, మెడ గోడని 0.013 నుంచి 0.0115కి చెక్కడం. తూటా 0.266 అవుతుంది, రెండు థౌల సందు మిగులుతుంది. చెక్కేటప్పుడు కట్టర్ భుజాన్ని కొంచెం తాకాలి, లేకపోతే మెడ మొదట్లో లోపల ఉంగరంలా లావు మిగిలి మళ్ళీ బిగుస్తుంది. రెండోది, మెడ ఒక్కటే పెంచే రీమర్‌తో దాన్ని 0.272కి తెరిపించడం. బ్యారెల్‌ని లేత్ మీద మళ్ళీ నూటికి నూరుపాళ్ళూ సెంటర్ చేశాకే ఈ పని చెయ్యాలి. మీరు ఆదివారం షూటర్ కాబట్టి రెండోదే చేయించుకోమంటాను. చెక్కిన కేసూ చెక్కని కేసూ ఒకే డబ్బాలో కలిసిపోయే ప్రమాదం ఇక ఉండదు.

అయితే చెక్కి ఉన్న అంకెని నమ్మి ఏదీ మొదలుపెట్టకండి. రీమర్‌కి పదును పెట్టిన కొద్దీ సన్నబడుతుంది. సెరోసేఫ్ అనే లోహాన్ని కరిగించి చాంబర్‌లో పోయించి, అచ్చు తీసిన గంటకి కొలవమనండి. ఆ లోహం మొదట కుంచించుకుని, సుమారు గంట తర్వాత అసలు సైజుకి వస్తుంది.

ప్రశ్న: నాలుగైదు సార్లు కాల్చిన కేసులకి బోల్ట్ పైకెత్తేటప్పుడు చివర్లో ‘టక్’ మంటోంది. మెడ దగ్గర సందు మూడు థౌలు ఉంది.

జవాబు: ముందు మందు ఎక్కువైందేమో చూడండి, తగ్గించి కాల్చండి. అయినా శబ్దం వస్తుంటే తప్పు కేసు అడుగున ఉంది. అడుగు నుంచి 0.200 అంగుళాల ఎత్తులో, కాల్చిన కేసునీ, డైలో (కేసుని మళ్ళీ నొక్కి సైజుకి తెచ్చే అచ్చులో) సైజ్ చేసినదాన్నీ కొలవండి. రెంటికీ ఒక థౌ అయినా తేడా లేకపోతే మీ డై అక్కడ పట్టడం లేదు. ఆ చాంబర్ కోసిన రీమర్ డ్రాయింగ్ గన్‌స్మిత్ దగ్గర అడిగి తీసుకుని, మూడుసార్లు కాల్చిన రెండు కేసులతో పాటు డై చేసేవాళ్ళకి పంపండి.