ఆటస్థలం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు
కొత్త ఫుట్‌బాల్ జట్టుకు మన ఊళ్ల అండ

ప్రశ్న: మా డిగ్రీ కళాశాలలో నిరుడు ఫుట్‌బాల్ జట్టును ప్రారంభించాము. అంతర్ కళాశాలల పోటీలలో మొదటి మ్యాచ్‌లోనే ఓడి తిరిగివచ్చాము. మా మైదానంలో ఆడిన స్నేహపూర్వక మ్యాచ్‌లను చూడడానికి మా విద్యార్థులే రాలేదు. టెక్సాస్‌లో ఉంటున్న మా బావమరిది, అక్కడ ఒక విశ్వవిద్యాలయం కొత్త జట్టును పెడితే తొలి మ్యాచ్‌కే యాభై వేలమందికి పైగా వచ్చారని చెబుతున్నాడు. అది నిజమేనా? హనుమకొండలో మేము జనాన్ని, మంచి ఆటగాళ్లను ఎట్లా రాబట్టుకోవాలి?
— ఫిజికల్ డైరెక్టర్, హనుమకొండ

సమాధానం: మీ బావమరిది గారు చెప్పినది నిజమే. శాన్ ఆంటోనియో నగరంలోని టెక్సాస్ విశ్వవిద్యాలయం 2011 సెప్టెంబరు 3న తన తొలి మ్యాచ్ ఆడినప్పుడు 56,743 మంది చూశారు. అయితే అది బంతిని చేతపట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. ఆ ఆటంటే ప్రాణం పెట్టే ఆ నగరానికి ఆ ఆటలో అగ్రశ్రేణి వృత్తి జట్టు లేదు. 1993లో కట్టిన ఆలమోడోమ్ స్టేడియం ఉంది. తొలి మ్యాచ్‌కు రెండేళ్ల ముందే, అంటే 2009లోనే, మయామీ జట్టును 2001లో జాతీయ విజేతగా నిలిపిన ల్యారీ కోకర్‌ను శిక్షకుడిగా తెచ్చుకుని, ఆ రెండేళ్లూ ఆటగాళ్లను ఎంపిక చేసుకుంటూ గడిపారు. ఆ సంఖ్యను చూసి మీరు దిగులుపడవలసిన పని లేదు. ఆ రెండేళ్ల ముందస్తు పనిని మాత్రం గమనించండి.

మీకు అంతకంటే దగ్గరి పోలిక అక్కడి చిన్న కళాశాలలలో ఉంది. అమెరికా కళాశాల క్రీడలలో మూడో విభాగం కిందికి వచ్చే కళాశాలలు ఆట కోసం ఉపకార వేతనం ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు. అయినా విద్యార్థుల సంఖ్య తగ్గుతున్న చిన్న ప్రైవేటు కళాశాలలు అనేకం కొత్తగా ఫుట్‌బాల్ జట్లను పెట్టాయి. ఎందుకంటే బడిలో ఆడిన పిల్లవాడు పై చదువులోనూ ఆడే అవకాశం ఎక్కడ ఉంటే అక్కడ చేరతాడు, ఫీజు కట్టి చదువుకుంటాడు, వాడి ఆట చూడడానికి ఇంటివాళ్లు వస్తారు. అంటే ఆటగాడిని చేర్చుకోవడం, ప్రేక్షకుడిని సంపాదించుకోవడం అనేవి అక్కడ రెండు వేర్వేరు పనులు కావు. మీరు మొట్టమొదట పట్టుకోవలసిన సూత్రం ఇదేనని నా గట్టి నమ్మకం. పరకాల నుంచి ఒక పిల్లవాడిని, నర్సంపేట నుంచి ఒకడిని, ములుగు నుంచి ఒకడిని తీసుకుంటే మూడు ఊళ్లకు మీ జట్టుతో సంబంధం ఏర్పడుతుంది. హైదరాబాదు నుంచి నలుగురు నైపుణ్యం గలవారిని తెచ్చి కప్పు గెలిచినా, పేపరులో ఫొటో వస్తుంది కానీ మైదానం గట్టు మీద కూర్చునేవాడు ఉండడు.

దీనికి మన రాష్ట్రంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ క్లబ్ 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. కరోనా కారణంగా ఆ ఏడాది మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి కాబట్టి, సొంత నగరం తన జట్టు విజేత కావడాన్ని టీవీలోనే చూసింది. ఆ క్లబ్ ఆ తర్వాత ఆర్థిక చిక్కులలో పడి, చివరికి 2025లో ఢిల్లీకి తరలిపోయింది. చిక్కులకు కారణాలు వేరే ఉన్నాయి, కాదనను. కానీ కప్పు ఒక్కటే జనాన్ని కట్టిపడేయలేదని మాత్రం దీనివల్ల తెలుస్తున్నది.

ఇక మీ అసలు ఇబ్బందికి వద్దాము. మన అంతర్ కళాశాలల పోటీలు ఎక్కువగా నాకౌట్ పద్ధతిలో సాగుతాయి. మొదటి రోజు ఓడితే ఆ ఏడాదికి ఆట ముగిసినట్టే. ఏడాదికి ఒకే మ్యాచ్, అదీ వేరే ఊరిలో ఆడే జట్టుకు అభిమానులు ఎక్కడి నుంచి వస్తారు? కాబట్టి విశ్వవిద్యాలయం ఇచ్చే షెడ్యూలు మీద ఆధారపడకుండా, హనుమకొండ, వరంగల్, కాజీపేటలలోని మరో మూడు నాలుగు కళాశాలల ఫిజికల్ డైరెక్టర్లతో (పీడీలతో) కూర్చుని మీరే ఒక చిన్న లీగ్ ఏర్పాటు చేసుకోండి. ప్రతి జట్టూ ప్రతి జట్టుతో రెండుసార్లు, ఒకసారి సొంత మైదానంలో, ఒకసారి ఎదుటివారి మైదానంలో ఆడాలి. అయిదు జట్లుంటే మీ మైదానంలోనే మీకు నాలుగు మ్యాచ్‌లు దొరుకుతాయి. వానలు తగ్గి, దసరా సెలవులు ముగిసిన తర్వాత మొదలుపెట్టి, సెమిస్టర్ పరీక్షల తేదీలు చూసుకుంటూ సంక్రాంతికి ముందే ముగించగలిగితే మేలు.

వారం, వేళ మాత్రం ఎన్నడూ మార్చకండి. ఆదివారం మంచిదని చాలామంది అనుకుంటారు. కానీ మీ విద్యార్థులలో సగం మంది పల్లెల నుంచి బస్సులో వచ్చిపోయేవారయితే, ఆదివారం కళాశాల వైపు చూడరు. తరగతులు ఉన్న రోజున, మధ్యాహ్నం మూడున్నరకు ఆట మొదలుపెట్టండి. తొంభై నిమిషాల ఆట, పదిహేను నిమిషాల విరామం కలుపుకున్నా అయిదున్నరకల్లా ముగుస్తుంది, ఊరికి పోయే బస్సు తప్పదు. ఆ ఒక్క రోజు చివరి పీరియడు రద్దు చేయడానికి ప్రిన్సిపాల్ గారిని ఒప్పించగలిగితే, మీరు వేసే పోస్టర్లన్నిటికంటే అది ఎక్కువ పని చేస్తుంది.

మైదానంలో ఒక మైకు, తెలుగులో చక్కగా వ్యాఖ్యానం చెప్పగల ఒక విద్యార్థి తప్పనిసరి. బంతి ఎవరి కాలి దగ్గర ఉన్నదో చెప్పేటప్పుడు ఆటగాడి పేరుతో పాటు వాడి ఊరి పేరు కూడా చెప్పించండి. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో, రిఫరీ పసుపు కార్డు ఎందుకు చూపించాడో రెండు ముక్కలలో వివరించాలి. ఆట అర్థం కానివారు పది నిమిషాలు నిలబడి వెళ్లిపోతారు, వారిని తప్పుపట్టలేము. జెర్సీ రంగు ఒకటి నిర్ణయించుకుని, అయిదేళ్ల వరకు మార్చకండి.

ఆటగాళ్ల విషయానికి వస్తే, మీరు తిరగవలసిన దారులు ఇప్పటికే ఉన్నాయి. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ వారి అండర్-19 జిల్లా ఎంపికలకు వెళ్లి కూర్చోండి. గురుకులాలలోని వ్యాయామ ఉపాధ్యాయులను (పీఈటీలను) కలవండి. కరీంనగర్, ఆదిలాబాద్‌లలో ప్రాంతీయ క్రీడా పాఠశాలలు ఉన్నాయి. భూపాలపల్లి, గోదావరిఖని, మందమర్రి వంటి సింగరేణి పట్టణాలలో మైదానాలు, ఆడే కుటుంబాలు ఉన్నాయి. ఇదంతా నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల జరగాలి. ఇంటర్ ఫలితాలు వచ్చిన తర్వాత మేల్కొంటే, అప్పటికి డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ ప్రవేశ విధానమైన దోస్త్‌లో పిల్లలు ఆప్షన్లు పెట్టేసి ఉంటారు.

పదకొండు మందితో సరిపెట్టుకోవద్దు. సాధనలో రెండు జట్లుగా విడిపోయి ఆడాలంటే ఇరవై ఇద్దరు కావాలి. గాయాలు, పరీక్షలు, పొలం పనులు కలుపుకుంటే ఇరవై ఆరుగురు ఉన్నా ఎక్కువ కాదు. అందరూ నిండుకాలపు రెగ్యులర్ విద్యార్థులే అయి ఉండాలి. దూరవిద్యలో పేరు రాయించి ఆడించడం, బయటివారిని దించడం అంతర్ విశ్వవిద్యాలయ నియమాలకు విరుద్ధం. అటువంటి ఒక్క పేరు బయటపడితే మిగతా పిల్లల ఏడాది శ్రమ కూడా వృథా అవుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు, ఫుట్‌బాల్ బాగా ఆడతాడు. ఒక కళాశాల తరఫున పీఆర్వో అని ఒకాయన ఇంటికి వచ్చి, సీటు, హాస్టల్ అన్నీ ఉచితమని, సర్టిఫికెట్లు ఇప్పుడే ఇవ్వమని అడుగుతున్నాడు. నమ్మవచ్చునా?
— ఒక తల్లి, భూపాలపల్లి

సమాధానం: అమ్మా, సర్టిఫికెట్లు మాత్రం ఇవ్వకండి. దోస్త్ పరిధిలోని కళాశాలలలో డిగ్రీ సీటును 2016 నుంచి ఆన్‌లైన్‌లోనే కేటాయిస్తున్నారు. మీ అబ్బాయి తన పేరుతో నమోదు చేసుకుని, తానే ఆప్షన్లు పెట్టుకోవాలి. ఇంటికి వచ్చిన మనిషి చేతిలో సీటు లేదు. క్రీడా ధ్రువపత్రాలను ప్రత్యేక విభాగం కింద పరిశీలిస్తారు కాబట్టి, జిల్లా, రాష్ట్ర స్థాయిలో ఆడిన పత్రాలన్నీ ఇప్పుడే వరుసగా సర్దిపెట్టుకోండి. అసలు ధ్రువపత్రాలను తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే విద్యాసంస్థలకు స్పష్టం చేసింది. పరిశీలన కోసం చూపించి, వెంటనే వెనక్కి తీసుకోవచ్చు.

ఉచితం అనే మాటను కూడా విడదీసి అడగండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీ అర్హతను బట్టి ప్రభుత్వం ఇచ్చేది. దానిని కళాశాల తన దానంగా చెప్పుకుంటే అది దానం కాదు. కళాశాల తన డబ్బుతో ఏమి ఇస్తున్నదో, గాయమైతే వైద్యం ఖర్చు ఎవరిదో, జట్టులో చోటు పోతే హాస్టల్ గది కూడా పోతుందా అన్నది కాగితం మీద రాయించి ప్రిన్సిపాల్ సంతకం తీసుకోండి. పీఆర్వోతో కాదు, శిక్షకుడితో మాట్లాడండి. ఒకరోజు మీరు, అబ్బాయి వెళ్లి సాధన ఎట్లా సాగుతున్నదో కళ్లారా చూడండి. నిరుడు చేరిన ఆటగాళ్లను విడిగా పిలిచి, పరీక్షలు రాయనిస్తున్నారా, కడుపునిండా అన్నం పెడుతున్నారా అని అడగండి. ఆటకు ఎంత ప్రాముఖ్యం ఇచ్చినా, చివరికి వాడి చేతిలో డిగ్రీ ఉండాలి. ప్రభుత్వ ఉద్యోగాలలోని క్రీడా కోటాకు కూడా ఆటతో పాటు ఆ ఉద్యోగానికి తగిన చదువు అడుగుతారు.

పై ప్రశ్న అడిగిన పీడీ గారు ఈ ఉత్తరాన్ని కూడా చదవాలని కోరుతున్నాను. కళాశాల తరఫున ఆ ఇంటి గడప తొక్కవలసింది కమిషన్ మీద తిరిగే మనిషి కాదు, మీరు.

ప్రశ్న: ఇది కబడ్డీ, క్రికెట్ ఆడే నేల. ఫుట్‌బాల్ మనది కాదని మా అధ్యాపకులే అంటున్నారు. మేము కొందరం అభిమాన సంఘం పెట్టాలనుకుంటున్నాము. ఏమి చేయాలి?
— డిగ్రీ విద్యార్థి, కాజీపేట

సమాధానం: మీ అధ్యాపకులకు వినయంగా ఈ సంగతులు చెప్పండి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది. ఆ జట్టుకు శిక్షణ ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం గారి చేతి కింద భారతదేశం 1951 ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ ఆసియా విజేత అయింది. మెల్‌బోర్న్‌లోనూ జకార్తాలోనూ ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టినవాడు. ఇది మన నేల ఆట కాదనడానికి ఆధారమేదీ లేదు. మధ్యలో పోషణ కరువైంది, అంతే.

సంఘం విషయంలో ఒక్క మాట. ఎదుటి జట్టునూ రిఫరీనీ తిట్టే సంఘం నెల రోజులలో చెదిరిపోతుంది, తల్లిదండ్రులను కూడా దూరం చేస్తుంది. డప్పు కొట్టండి, ఆటగాళ్ల పేర్లు పిలవండి, మంచినీళ్ల క్యాన్లు మోయండి, గీతలకు సున్నం వేయండి. మీ రైల్వే కాలనీలో విశ్రాంత ఉద్యోగులలో ఒకప్పుడు ఫుట్‌బాల్ ఆడినవారు ఎవరున్నారో వాకబు చేసి, ముందు వరుసలో కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఆట తెలిసిన ఒక్క పెద్దమనిషి పక్కన కూర్చుంటే చుట్టూ ఉన్న పదిమందికీ ఆట పట్టుబడుతుంది.

ప్రశ్న: మా మహిళా కళాశాలలో జట్టు పెట్టమని విద్యార్థినులు అడుగుతున్నారు. ప్రేక్షకులు వస్తారా, తల్లిదండ్రులు ఒప్పుకుంటారా అని యాజమాన్యం సందేహిస్తున్నది.
— అధ్యాపకురాలు, నిజామాబాద్

సమాధానం: మీ జిల్లాలో ఈ సందేహమే ఉండకూడదు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడింది, క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌లోనూ ఆడింది. ఆ పేరు చెబితే ఒప్పుకునే తల్లిదండ్రులు మీ చుట్టుపక్కల తండాలలోనే ఉంటారు. అయితే వారు ముందుగా అడిగేది కప్పుల గురించి కాదు. సాధన ఎన్నింటికి ముగుస్తుంది, వెంట ఎవరు ఉంటారు, బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి ఉన్నాయా అని అడుగుతారు. వీటికి జవాబు సిద్ధం చేసుకున్న తర్వాతే వారి ఇళ్లకు వెళ్లండి. మహిళా శిక్షకురాలు దొరికితే సగం పని అయినట్టే. దొరకకపోతే మీ అధ్యాపకురాళ్లలో ఒకరు ప్రతి సాధనకూ మైదానంలో ఉండే ఏర్పాటు చేయండి.

ఆరంభంలో పూర్తి మైదానం, పదకొండు మంది అవసరం లేదు. బాస్కెట్‌బాల్ కోర్టంత స్థలంలో అయిదుగురి చొప్పున తరగతుల మధ్య పోటీలు పెట్టండి. మొదటి ఏడాది ప్రేక్షకులు మీ కళాశాల అమ్మాయిలే. రెండో ఏడాది తల్లులను పిలవండి. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో టికెట్ లేదు కాబట్టి, బోధన్ నుంచైనా ఆర్మూర్ నుంచైనా తల్లి వచ్చి కూతురి ఆట చూసి వెళ్లడానికి ఖర్చు అడ్డు కాదు. ఆహ్వానం కూతురి చేత ఫోనులో చెప్పించడంతో సరిపెట్టకుండా, కళాశాల పేరుతో ఉత్తరం రాసి పంపండి. మ్యాచ్ తేదీ, మొదలయ్యే వేళ, తిరుగు బస్సుల వేళలు అందులో రాయండి.