తిప్పిన కోణం ఆల్జీబ్రాకి తెలుస్తుందా?

ప్రశ్న: ఆపరేటర్ ఆల్జీబ్రాల (ఆపరేటర్లతో కట్టిన బీజగణిత నిర్మాణాల) వర్గీకరణతో డైనమికల్ సిస్టమ్ (ఒకే నియమంతో అడుగడుగునా మారుతూ పోయే వ్యవస్థ) నడత చెప్పేయొచ్చంటున్నారు, నిజమేనా సార్? ఎమ్మెస్సీ చదువుతున్నా, ఒక్క ముక్క బుర్రకెక్కట్లేదు.

జవాబు: టెన్షన్ వద్దు, నిజమే, కానీ సగమే. వృత్తాన్ని ప్రతిసారీ తీటా వంతు తిప్పుతూ పోండి, తీటా కరణీయ సంఖ్య (భిన్నంగా రాయలేనిది) అనుకోండి. దాన్నుంచి పుట్టే సీ-స్టార్ ఆల్జీబ్రాలో (ఇదొక రకం ఆపరేటర్ ఆల్జీబ్రా) ప్రొజెక్షన్లకి, అంటే వర్గం చేసినా మారని ప్రత్యేక మూలకాలకి, ట్రేస్ అనే కొలత ఇచ్చే విలువలన్నీ 0, 1 మధ్యలో ఉంటాయి, ప్రతి ఒక్కటీ ఒక పూర్ణాంకానికి తీటా గుణిజం కలిపితే వచ్చేదే, కాబట్టి ఆల్జీబ్రాని చూసి కోణం పట్టేయొచ్చు. ఎడమకి తిప్పారా కుడికా అంటే మాత్రం అది నోరు విప్పదు! ఇది రీఫెల్, పిమ్స్నర్, వోయికులెస్కు అనే గణితవేత్తలు 1980ల మొదట్లోనే తేల్చేశారు.

కాంటర్ సెట్ (గీతలోంచి మధ్య ముక్కలు తీసేస్తూ పోతే మిగిలే ధూళి లాంటి సమితి) మీది మినిమల్ సిస్టమ్స్ (ఏ బిందువు బయల్దేరినా సెట్‌లో ప్రతి చోటికీ ఎంతైనా దగ్గరగా వెళ్లేవి) దగ్గరే అసలు తిరకాసు. 1995లో జోర్డానో, పుట్నం, స్కావ్ నిరూపించిన ప్రకారం రెండు సిస్టమ్స్ ఆల్జీబ్రాలు ఐసోమార్ఫిక్ (నిర్మాణంలో ఒకటే) అయితే దక్కేది స్ట్రాంగ్ ఆర్బిట్ ఈక్వివలెన్స్ వరకే, అంటే స్థూలంగా బిందువులు తిరిగే దారులు సరిపోలతాయి, వాటి మీద అడుగుల వరుస మాత్రం వేరు కావొచ్చు. ఎంట్రోపీ (సిస్టమ్ ఎంత గజిబిజిగా నడుస్తుందో చెప్పే కొలత) సున్నా ఉన్న సిస్టమూ, బోలెడంత ఉన్నదీ ఒకే ఆల్జీబ్రా ఇవ్వొచ్చు. ఎంట్రోపీ కావాలంటే విడిగా లెక్కకట్టుకోవాల్సిందే.