పాత గిటార్ కేసులో ఎందుకు పట్టడం లేదంటే

తమ్ముడూ, తాతగారి పాత మార్టిన్ కంపెనీ ట్రిపుల్ ఓ (000) మోడల్ గిటార్ వెడల్పు సరిపోయినా, గవర్నర్‌పేటలో కొన్న కేసులో పొడవు పట్టడం లేదన్నావు కదా. మెడ బాడీని కలిసే చోటు దాకా ఫ్రెట్లు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతలు) లెక్కపెట్టు. 12 వస్తే అక్కడే ఉంది తిరకాసు. ట్రిపుల్ ఓలో 12 ఫ్రెట్లది, 14 ఫ్రెట్లది అని రెండు రకాలు. రెండింటికీ వెడల్పు 15 అంగుళాలే. కానీ 12 ఫ్రెట్ల బాడీ పొడవు సుమారు 20.4 అంగుళాలు, 14 ఫ్రెట్లదైతే 19.4. నువ్వు కొన్న కేసు 14 ఫ్రెట్లదానికి చేసిందై ఉంటుంది, ఆ ఒక్క అంగుళమే అడ్డం పడుతోంది. భుజాలు చూసినా తెలిసిపోతుంది: 12 ఫ్రెట్లవి ఏటవాలుగా జారినట్టుంటాయి. 1929లో మార్టిన్ వాళ్ళు ఓఎం అనే మోడల్‌తో 14 ఫ్రెట్లకు మారినప్పుడు పైభాగాన్ని కుదించి చదును చేశారు.

పెద్దదే మేలని డ్రెడ్‌నాట్ అనే పెద్ద బాడీ గిటార్ కేసు మాత్రం తీసుకోకు. లోతు ఎక్కువ, లోపల గిటార్ దడదడలాడుతుంది. అట్ట మీద బాడీ చుట్టూ గీసి, కత్తిరించి కొట్టుకి పట్టుకెళ్ళు. గుంటూరు ఎండలో గిటార్‌నే బండి మీద మోసుకెళ్ళావో, పాత జిగురు మెత్తబడి, బాడీ మీద తీగలు బిగించే బ్రిడ్జ్ లేచిపోతుంది.