సర్వీస్ కౌంటర్ దగ్గరే మొదలయ్యే కేసు

చిరంజీవి కార్తీక్‌కు,

పెదనాన్న ఆశీస్సులు. కొత్త కారు స్క్రీన్ ఉన్నట్టుండి నల్లబడుతోందనీ, రెండుసార్లు డీలర్‌కి చూపించినా మారలేదనీ, కంపెనీ మీద కేసు వేద్దామనుకుంటున్నాననీ రాశావు. వేయొచ్చు. అయితే లాయర్‌ని వెతికే ముందు, ఆ రెండుసార్లూ నీ చేతికిచ్చిన రిపేర్ ఆర్డర్ కాగితాలు తీసి చదువు. ఇలాంటి కేసుల్లో గెలుపోటములు చాలావరకు ఆ కాగితాల మీదున్న నాలుగు ముక్కలతోనే తేలిపోతాయి.

నువ్వేం చెప్పావన్న చోట "రేడియో సరిగా రావడం లేదు" అనీ, దాని కింద "లోపం కనబడలేదు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం" అనీ ఉంటే, రేపు కంపెనీ లాయర్ ఆ కాగితాన్నే నీ మీదికి తిప్పుతాడు. లోపమున్న కొత్త కార్ల విషయంలో మీ కాలిఫోర్నియా చట్టం ముందుగా చూసేది ఇది: ఈ లోపం వల్ల కారు వాడకమో, విలువో, భద్రతో గణనీయంగా దెబ్బతిన్నదా? పాట మధ్యలో ఆగిపోవడం ఆ కొలతకు ఆనదు. రివర్స్ వేస్తే వెనక కెమెరా రాకపోవడం ఆనుతుంది. 2018 మే 1 నుంచి అమెరికా మార్కెట్ కోసం తయారయ్యే ప్రతి కొత్త కారుకూ వెనక దృశ్యం చూపే ఏర్పాటు ఉండాలని ఫెడరల్ భద్రతా ప్రమాణం 111 చెబుతోంది. రివర్స్ గేర్ పడ్డ 2 సెకన్లలోపు ఆ దృశ్యం తెర మీదికి రావాలి. అద్దం మీద మంచు కరిగించే డీఫ్రాస్ట్ మీట కూడా మీ కారులో స్క్రీన్‌లోనే ఉంటే అదీ భద్రత కిందికే వస్తుంది.

అందుకే ఈసారి వెళ్ళినప్పుడు సర్వీస్ అడ్వైజర్‌తో ఇలా రాయించు: "ఫలానా తేదీన, ఇన్ని మైళ్ళ దగ్గర, రివర్స్ వేయగానే స్క్రీన్ నల్లబడింది. కెమెరా దృశ్యం రాలేదు. ఇంజన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేసేదాకా అలాగే ఉంది. ఫోన్ కనెక్ట్ చేసి లేదు." ఆ చివరి మాట వదలొద్దు. డీలర్లు మొదట నెపం వేసేది నీ ఫోన్ మీదా, కేబుల్ మీదా. ఫోన్ లేకుండా ఒకసారి, వేరే ఫోన్‌తో, వేరే కేబుల్‌తో మరోసారి పరీక్షించి, ఆ సంగతీ రాయించు. సంతకం పెట్టే ముందు చదువు. నీ మాట కుదించి రాస్తే అక్కడే దిద్దించుకో. కారు లోపలికి తీసుకున్న తేదీ, తిరిగిచ్చిన తేదీ, ఆ రెండు తేదీల్లోని ఓడోమీటర్ అంకెలూ కాగితం మీద ఉండాలి. బిల్లు సున్నా అయినా కాపీ లేకుండా బయటికి రావద్దు.

వీడియో కూడా తియ్యి, కానీ కారు ఆపి ఉన్నప్పుడో, పక్క సీట్లో వాళ్ళ చేతో. ఓడోమీటర్, రివర్స్ వేసిన చెయ్యి, నల్లటి తెర మూడూ కత్తిరింపు లేకుండా ఒకే షాట్‌లో రావాలి. అప్‌డేట్ చేయడానికి ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబర్ ఫొటో తీసుకో. అప్‌డేట్ చేసినా, రీసెట్ కొట్టినా పాత ఎర్రర్ కోడ్‌లు చెరిగిపోవచ్చు. కోడ్‌లు తీసి కాగితం మీద ఎక్కించాకే రీసెట్ చేయమని అడుగు.

రీసెట్ తర్వాత కొన్నాళ్ళు బాగుండి మళ్ళీ మొదటికొస్తుంటే, లోపం సాఫ్ట్‌వేర్‌లో కాక లోపలి భాగంలో ఉండే అవకాశం ఎక్కువ. దీనికి టెస్లా రీకాల్ (లోపమున్న కార్లను కంపెనీ వెనక్కి పిలిచి బాగుచేయడం) మంచి ఉదాహరణ. పాత మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్ల స్క్రీన్ కంప్యూటర్‌లో 8 జీబీ ఫ్లాష్ మెమరీ చిప్ ఉండేది. ఫ్లాష్ మెమరీ మీద ఇన్నిసార్లే చెరిపి రాయగలం. కారు రోజూ లాగ్‌లు రాస్తూ పోవడంతో కొన్నేళ్ళకే అది అరిగిపోయి, తెరతో పాటు వెనక కెమెరా, డీఫ్రాస్ట్ కూడా పోయేవి. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2021 జనవరిలో రీకాల్ చేయమని కోరింది. ఆ మరుసటి నెలలోనే దాదాపు 1,35,000 కార్లకు రీకాల్ వచ్చింది. స్క్రీన్ గొడవను వినోదం ఖాతాలోంచి భద్రత ఖాతాలోకి తెచ్చింది ఆ కెమెరా, ఆ డీఫ్రాస్టే. నువ్వు కూడా ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో నీ 17 అక్షరాల విన్ (కారు గుర్తింపు నంబర్) కొట్టి రీకాల్స్ చూడు, ఫిర్యాదు నమోదు చెయ్యి. డీలర్లకు కంపెనీ పంపే సాంకేతిక బులెటిన్లు కూడా అక్కడే దొరుకుతాయి. నీ లక్షణాలతో సరిపోయే బులెటిన్ దొరికితే, లోపం కంపెనీకి తెలుసనడానికి అది బలమైన సాక్ష్యం. ప్రింట్ తీసి రిపేర్ ఆర్డర్‌కి జతచేయించు.

వారంటీ పుస్తకంలో ఒక చోట చాలామంది పొరపడతారు. 5 ఏళ్ళు, 60,000 మైళ్ళు అని పెద్దక్షరాల్లో కనబడేది సాధారణంగా ఇంజన్, గేర్‌బాక్స్‌ల పవర్‌ట్రెయిన్ వారంటీ. స్క్రీన్ దాని కిందికి రాదు. బేసిక్ వారంటీ కిందికి వస్తుంది, అది చాలా కంపెనీలకు 3 ఏళ్ళు లేదా 36,000 మైళ్ళు, ఏది ముందైతే అది. గడువు దాటకముందే లోపం కాగితం మీదికి ఎక్కాలి. ఆయిల్ బయట మార్పించావు కాబట్టి వారంటీ చెల్లదంటే నమ్మకు. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, కంపెనీ సొంత భాగాలో సొంత సర్వీసో వాడితేనే వారంటీ ఇస్తానని షరతు పెట్టకూడదు. అయితే స్క్రీన్ వైరింగ్‌లోంచి డ్యాష్‌క్యామ్‌కి కరెంట్ లాగి ఉంటే మాత్రం దాన్ని ముందే తీయించెయ్. వాళ్ళకు ఆ సాకు దొరకనివ్వొద్దు.

ఇక లెక్కలు. కాలిఫోర్నియాలో 18 నెలలు లేదా 18,000 మైళ్ళలోపు ఒకే లోపానికి 4 సార్లు, ప్రాణాపాయం కలిగించే లోపానికైతే 2 సార్లు రిపేర్ చేసినా పోకపోతే, లేదా అన్నీ కలిపి 30 రోజులకు పైగా కారు షెడ్డులోనే ఉంటే, కంపెనీకి బాగుచేయడానికి తగినన్ని అవకాశాలు ఇచ్చినట్టే చట్టం భావిస్తుంది. రిపేర్ అయ్యేదాకా వాడుకోవడానికి లోనర్ కారు ఇచ్చారని ఆ రోజులు లెక్కలోంచి పోవు. ఈ 18 నెలలు, 18,000 మైళ్ళ హద్దు దాటిపోయినా కేసు చచ్చిపోదు, నిరూపించే బరువు మాత్రం నీ మీద పెరుగుతుంది. కంపెనీ కారు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగిచ్చేటప్పుడు, నువ్వు మొదటిసారి రిపేర్‌కి ఇచ్చేనాటి మైళ్ళను 1,20,000తో భాగించి, దాన్ని ధరతో గుణించి కోసుకుంటారు. 36,000 డాలర్ల కారును 10,000 మైళ్ళ దగ్గర మొదటిసారి చూపిస్తే కోత 3,000 డాలర్లు. 2,000 మైళ్ళ దగ్గరే చూపిస్తే 600. "ఇంకోసారి వస్తే చూద్దాంలే" అనుకోవడం ఎంత ఖరీదో చూశావా?

మీ తమ్ముడు కొన్నది వాడిన కారు కదా, వాడికి ఇదే దారి అని చెప్పకు. మిగిలిన కంపెనీ వారంటీతో కొన్న పాత కారు, అమ్మకంతో పాటు కొత్త వారంటీ ఇస్తే తప్ప, కొత్త కారు కిందికి రాదని 2024 అక్టోబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది.

డీలర్‌తో మాట్లాడటం వేరు, కంపెనీకి నోటీసు ఇవ్వడం వేరు. వారంటీ పుస్తకంలో ఉన్న చిరునామాకు సర్టిఫైడ్ మెయిల్‌లో, రసీదు తిరిగొచ్చేలా పంపు. విన్, రిపేర్ తేదీలు, లోపం, కారు వెనక్కి తీసుకోమన్న కోరిక ఒక్క పేజీలో చాలు. తిట్లు వద్దు. ఇలాంటి కేసుల కోసం రాష్ట్రం తెచ్చిన కొత్త పద్ధతికి ఒప్పుకున్న కంపెనీలు కొన్ని ఉన్నాయి. నీది వాటిలో ఉంటే, సివిల్ పెనాల్టీ (నష్టం మీద అదనంగా కంపెనీకి వేసే జరిమానా) అడగడానికి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఆ 30 రోజులూ కారు నీ దగ్గరే ఉండాలి. వారంటీ ముగిసిన ఏడాదిలోపే దావా పడాలి కూడా. కాబట్టి విసిగిపోయి కారును ట్రేడ్-ఇన్‌కి (ఇంకో కారు ధరలో తగ్గింపు కోసం డీలర్‌కి) ఇచ్చేయకు.

క్లాస్ యాక్షన్ (ఒకే నష్టం జరిగినవాళ్ళందరి తరఫునా వేసే కేసు) ఎక్కడైనా నడుస్తోందా అని అడిగావు. ఫోర్డ్ మీద దాని మైఫోర్డ్ టచ్ స్క్రీన్ గురించిన కేసు 2013లో పడింది, 2019లో 1.7 కోట్ల డాలర్లకు రాజీ అయింది. లక్షల కార్ల మధ్య పంచితే మనిషికి వచ్చేది కొద్దే. సుబారు స్టార్‌లింక్ స్క్రీన్ కేసు రాజీలో వారంటీని 5 ఏళ్ళు, 1,00,000 మైళ్ళకు పొడిగించారు. వారంటీ దాటిపోయినవాళ్ళకు అది మేలు. నీకు కాదు. నీ కారు కొత్తది, కాగితాలున్నాయి, సొంత కేసే నయం. ఎప్పుడైనా సెటిల్‌మెంట్ నోటీసు పోస్టులో వస్తే చెత్తలో వేయకు. గడువులోపు తప్పుకుంటున్నానని రాసి పంపకపోతే నీ సొంత హక్కు కూడా ఆ రాజీలో కలిసిపోతుంది. మంచితనంగా గిఫ్ట్ కార్డో, ఉచిత సర్వీసో ఇస్తామంటూ సంతకం అడిగినా ఇదే జాగ్రత్త: అందులో క్లెయిములు వదులుకుంటున్నానన్న వాక్యం ఉందేమో వెతుకు.

కేసు గెలిస్తే నీ లాయర్ ఫీజు కంపెనీ చేత కట్టించే వీలు చట్టంలోనే ఉంది. అందుకే ఈ కేసులు చేసేవాళ్ళు చాలామంది ముందుగా డబ్బు అడగరు. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు, ఓడిపోతే కోర్టు ఖర్చులు ఎవరివో, నీకొచ్చే మొత్తంలోంచి ఏమైనా కోస్తారో సూటిగా అడిగి, ఆ జవాబును రాతలో తీసుకో. ఈలోగా మూడోసారి అపాయింట్‌మెంట్ ఈ వారమే పెట్టుకో. రిపేర్ ఆర్డర్ చేతికి రాగానే ఫొటో తీసి నాకు పంపు, ఏం రాశారో ఇద్దరం చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న