27 శాతం దగ్గర ఆగిన అప్‌డేట్‌కి ఫార్మాట్ మందు కాదు

అడిగింది ఇదీ: 2016లో కొన్న లాప్‌టాప్, విండోస్ 10, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. అప్‌డేట్ పెట్టి రీస్టార్ట్ చేస్తే 27 శాతం దాకా పోయి ఆగుతోంది. రెండు మూడు గంటల తర్వాత 'అన్‌డూయింగ్ చేంజెస్' అని మళ్ళీ మొదటికొస్తోంది. ఒంగోలు షాపులో ఫార్మాట్ కొట్టాలన్నారు, కొట్టించమంటారా?

వద్దు. డిస్క్ సంగతి తేలేదాకా అసలు వద్దు.

మీరు చెప్పిన లక్షణాలు ఎక్కువగా చచ్చిపోతున్న హార్డ్ డిస్క్‌వి. విండోస్‌ది కాకపోవచ్చు తప్పు. ఫార్మాట్ కొడితే అదే డిస్క్ మీద కొత్త విండోస్ వచ్చి కూర్చుంటుంది. నెలో రెండు నెలలో బాగానే ఉంటుంది, ఆ తర్వాత మళ్ళీ అదే షాపు, అదే మాట. అసలు మన ఊళ్ళలో ఫార్మాట్ అనేది జ్వరానికీ, కాలు నొప్పికీ ఒకే ఇంజెక్షన్ వేసినట్టు తయారైంది. కొట్టేది పదిహేను నిమిషాలు. డీటీపీ వాళ్ళయితే అను ఫాంట్లు, కీబోర్డ్ లేఅవుట్, ప్రింటర్ సెట్టింగులు మళ్ళీ కుదుర్చుకోవడానికి వారం.

ముందు ఆ 27 అంకె గురించి. అది టైముని చూపించే అంకె కాదు. 27లో నలభై నిమిషాలు కూర్చుని తర్వాత ఒక్కసారిగా 60కి దూకొచ్చు. అప్‌డేట్ మూడు చోట్ల ఆగుతుంది, మూడింటికీ కారణాలు వేరు. సెట్టింగ్స్‌లో 'డౌన్‌లోడింగ్' సున్నా దగ్గరే ఉంటే నెట్, తేదీ, లేదా సర్వీసు తంటా. 'ఇన్‌స్టాలింగ్' దగ్గర గంటలు గడిస్తే డిస్క్, ఖాళీ స్థలం, పాడైన సిస్టమ్ ఫైళ్ళు. రీస్టార్ట్ అయ్యాక స్క్రీన్ మీద చుక్కలు తిరుగుతూ ఆగితే మళ్ళీ డిస్కే, కాకపోతే డ్రైవర్, అంటే పరికరాల్ని విండోస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్. మీది మూడోది.

ఆగిందో, నెమ్మదిగా నడుస్తోందో తెలుసుకోకుండా పవర్ బటన్ నొక్కొద్దు. 2016 నాటి చాలా లాప్‌టాప్‌లకి ముందంచునో పక్కనో చిన్న డిస్క్ లైటు ఉంటుంది. అది మిణుకుమంటుంటే పని జరుగుతున్నట్టే. లైటు లేని మోడల్ అయితే కీబోర్డు ముందు అరచేతులు ఆనించే భాగానికి చెవి పెట్టి వినండి, డిస్క్ గరగరమంటుంటే వదిలేయండి. నిమిషానికి 5400 సార్లు తిరిగే (5400 ఆర్‌పీఎం) డిస్క్ మీద నెలవారీ అప్‌డేట్‌కి గంట, రెండు గంటలు మామూలే. పెద్ద వెర్షన్ అప్‌గ్రేడ్‌కి నాలుగైదు గంటలూ పట్టొచ్చు. లైటు గానీ శబ్దం గానీ గంటసేపు లేక, క్యాప్స్ లాక్ నొక్కినా దాని లైటు మారకపోతే అప్పుడు పది సెకన్లు పవర్ బటన్ పట్టుకుని ఆపండి. టక్, టక్ అని ఒకే తాళంలో శబ్దం వస్తుంటే మాత్రం అది పని కాదు, డిస్క్ హెడ్ చదవలేక వెనక్కి పోయి మళ్ళీ వస్తోంది. వెంటనే ఆపి డేటా కాపీ సంగతి చూడండి.

ఇప్పుడు డిస్క్‌ని చూడటం ఎట్టాగో. విండోస్ మామూలుగా ఎక్కాక కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ వస్తుంది. 'పెర్ఫార్మెన్స్'లో డిస్క్ మీద నొక్కండి. యాక్టివ్ టైమ్ 100 శాతం, కింద చదివే వేగం చూస్తే సెకనుకి 0.7 ఎంబీ. ఇది చూసి వైరస్ అనుకుంటారు చాలామంది. కాదు. అప్‌డేట్ అంటే వేల కొద్దీ చిన్న చిన్న ఫైళ్ళని డిస్క్‌లో తలోమూల నుంచీ తీసి, సరిచూసి, మార్చి రాయడం. తిరిగే డిస్క్ సెకనుకి అట్టాంటి పనులు ఒక వంద చేస్తే గొప్ప. తిరిగే భాగాలే లేని మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ పదివేలల్లో చేస్తుంది. కాబట్టి 100 శాతం ఒక్కటే చూసి కంగారుపడొద్దు. అక్కడే 'యావరేజ్ రెస్పాన్స్ టైమ్' ఉంటుంది, అది చూడండి. పని ఎక్కువున్నప్పుడు వంద, రెండొందల మిల్లీసెకన్లు ఉంటే ఓపిక పట్టొచ్చు. ఏ పనీ లేనప్పుడు కూడా మాటిమాటికీ వెయ్యి, రెండువేలు దాటుతుంటే డిస్క్ జబ్బు పడింది.

ఖాయం చేసుకోవడానికి క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అది వేయండి. పైన నీలం రంగులో 'గుడ్' ఉందా, పసుపులో 'కాషన్' ఉందా చూడండి. కింద పట్టికలో 05, సి5, సి6 అనే మూడు వరసల్లో చివరి విలువ అన్నీ సున్నాలే ఉండాలి. 05 అంటే పాడైపోయి పక్కన పెట్టిన సెక్టార్లు, అంటే డిస్క్‌లో డేటా దాచే చిన్న చిన్న గళ్ళు. సి5 అంటే చదవలేక అనుమానంలో పెట్టినవి, అప్‌డేట్‌ని 27 దగ్గర పట్టుకునేది ముఖ్యంగా ఇదే. ఆ సెక్టార్ చదవాలని డిస్క్ మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది, విండోస్ ఎదురుచూస్తుంది, చివరికి విసిగి వెనక్కి పోతుంది. సి7 పెరుగుతుంటే డిస్క్ కంటే ముందు దాని కనెక్టర్, రిబ్బన్ కేబుల్ చూడాలి. ఉప్పుగాలి తగిలే తీరపు ఊళ్ళలో ఆ పిన్నులు మసకబారడం కొత్తేం కాదు. విండోస్ తనలో జరిగినవి రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో 'సిస్టమ్' లాగ్ తెరిచి, 'డిస్క్' పేరుతో 7, 153 నంబర్లు వరసగా ఉంటే ఇంకో సాక్ష్యం దొరికినట్టే.

సి5లో అంకె కనబడితే మొదటి పని డేటాని బయటికి కాపీ చేయడం. డిస్క్‌ని తనిఖీ చేసే చెక్‌డిస్క్ కమాండ్ నడపడం కాదు. వీడియోలు చూసి చెక్‌డిస్క్‌ని స్లాష్ ఆర్‌తో నడుపుతారు. 1 టీబీ డిస్క్ మీద అది రాత్రంతా ప్రతి సెక్టార్‌నీ తడుముతుంది. కొనఊపిరితో ఉన్నదాన్ని పరుగెత్తించినట్టు.

చీమకుర్తి వైపు గ్రానైట్ ఆఫీసుల్లో వాడే లాప్‌టాప్ విప్పితే ఎట్టా ఉంటుందో చెబుతాను, అప్పుడు డిస్క్ తర్వాత ఏం చూడాలో అర్థమవుతుంది. అడుగు మూత తీస్తే ఫ్యాన్‌కీ హీట్‌సింక్ రెక్కలకీ మధ్య బూడిద రంగు దుమ్ము గోనెపట్టా ముక్కలాగా, గోటితో గీరితే పొరగా లేచొచ్చేంత గట్టిగా పేరుకుని ఉంటుంది. గాలి బయటికి పోదు. అప్‌డేట్ సమయంలో ప్రాసెసర్ గంటల తరబడి పనిచేస్తుంది గదా, వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది, మేనెలలో అయితే ఏకంగా ఆరిపోతుంది. సగంలో ఆరితే మళ్ళీ 'అన్‌డూయింగ్'. ఆ దుమ్ముని బ్లోయర్‌తో కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి. వదిలేసి గాలి కొడితే అడ్డూ అదుపూ లేకుండా తిరిగి బేరింగు పోతుంది. అట్టాంటి లాప్‌టాప్‌లో రెండో జబ్బు తేదీ. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ అయిపోయి, పెద్ద బ్యాటరీ కూడా చచ్చి ఉంటే, చార్జర్ తీసిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతుంది. తేదీ తప్పితే సర్వర్ సర్టిఫికెట్‌ని విండోస్ నమ్మదు, డౌన్‌లోడ్ సున్నా దగ్గరే కూర్చుంటుంది. ఎర్రర్ చివర 80072ఎఫ్8ఎఫ్ అని ఉంటే నెట్‌వాళ్ళని తిట్టకుండా ముందు గడియారం చూడండి. బిళ్ళ మారిస్తే సరి, కొన్ని మోడళ్ళలో అది వైరుతో, చిన్న ప్లగ్గుతో ఉంటుంది, అదే రకం అడగండి.

పెద్ద బ్యాటరీ చచ్చిన లాప్‌టాప్‌ని నేరుగా గోడ ప్లగ్గుకి పెట్టి అప్‌డేట్ మొదలుపెట్టడం కూడా ఒక జబ్బే. కరెంటు ఒక్క క్షణం రెప్పకొడితే చాలు. ఇన్వర్టర్ లైను మీద పెట్టండి. జాబితాలో 'ఫర్మ్‌వేర్' అని ఏదైనా ఉంటే అది సాధారణంగా బయోస్ (ఆన్ చేయగానే బోర్డుని లేపే ప్రోగ్రామ్) అప్‌డేట్, బ్యాటరీలో తగినంత చార్జ్ లేకపోతే చాలా మోడళ్ళలో అది మొదలే కాదు, ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా పెండింగే. అది మొండికేసిందని బలవంతంగా ఎక్కించొద్దు, మధ్యలో కరెంటు పోతే బోర్డే పోతుంది.

డిస్క్ ఆరోగ్యంగా ఉందని తేలితేనే కింద చెప్పేవి. సి డ్రైవ్‌లో 20 నుంచి 25 జీబీ ఖాళీ ఉంచండి. డిస్క్ క్లీనప్ తెరిచి 'క్లీనప్ సిస్టమ్ ఫైల్స్' నొక్కితేనే 'విండోస్ అప్‌డేట్ క్లీనప్' కనబడుతుంది, అసలు బరువంతా అందులోనే. ఎర్రర్ 80070070 అంటే స్థలం లేదనే. గడువు తీరిన యాంటీవైరస్ ఉంటే పూర్తిగా తీసేయండి. వేలిముద్ర పరికరం, ప్రింటర్, డాంగిల్, మెమరీ కార్డు అన్నీ పీకేసి రీస్టార్ట్ చేయండి. సి1900101తో మొదలయ్యే ఎర్రర్ అయితే డ్రైవర్ గొడవ, చాలాసార్లు ఈ పీకడంతోనే పోతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఉంటే ఆ కనెక్షన్‌కి 'మీటర్డ్' ఆన్‌లో ఉందేమో చూడండి, ఉంటే విండోస్ డౌన్‌లోడ్ చేయకుండా కూర్చుంటుంది.

తర్వాత పాత డౌన్‌లోడ్ చెత్త. స్టార్ట్‌లో 'సర్వీసెస్' అని వెతికి తెరిచి, 'విండోస్ అప్‌డేట్', 'బ్యాక్‌గ్రౌండ్ ఇంటెలిజెంట్ ట్రాన్స్‌ఫర్ సర్వీస్' రెండింటినీ స్టాప్ చేయండి. సి డ్రైవ్, విండోస్, సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్, అందులో డౌన్‌లోడ్ ఫోల్డర్ తెరిచి లోపలున్నవన్నీ డిలీట్ చేయండి. ఫైలు వాడకంలో ఉందంటే ఆ సర్వీసు మళ్ళీ లేచిందన్నమాట, ఇంకోసారి ఆపండి. పని అయ్యాక రెండూ స్టార్ట్ చేయండి. 'రీస్టార్ట్ పెండింగ్' అని ఉన్నప్పుడు మాత్రం ఈ పని చేయొద్దు, ముందు రీస్టార్ట్ కానివ్వండి.

ఆ పైన సిస్టమ్ ఫైళ్ళు. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. ఫోన్లో చెప్పినట్టే చెబుతున్నా, ఇంగ్లీషులో కొట్టుకోండి: డిఐఎస్ఎం, ఖాళీ, స్లాష్ ఆన్‌లైన్, ఖాళీ, స్లాష్ క్లీనప్ హైఫన్ ఇమేజ్, ఖాళీ, స్లాష్ రిస్టోర్‌హెల్త్. ఇది 62.3 శాతం దగ్గర ఆగినట్టు కనబడటం ప్రసిద్ధి. కదలకుండా అరగంటైనా వదిలేయండి. అయ్యాక ఎస్ఎఫ్‌సి, ఖాళీ, స్లాష్ స్కాన్‌నౌ. ఈ రెండింటినీ తిరగేసి నడిపేవాళ్ళున్నారు. ఎస్ఎఫ్‌సి మంచి ఫైళ్ళని తెచ్చుకునేది మొదటిది బాగుచేసే గోదాములోంచే, గోదాములో పురుగులుంటే ఏం తెస్తుంది?

ఎర్రర్ 80070643 ఒక్కటే పదేపదే వస్తూ, మిగతా అప్‌డేట్లన్నీ ఎక్కుతుంటే తలబద్దలు కొట్టుకోవద్దు. 2024 జనవరిలో వచ్చిన రికవరీ ఎన్విరాన్‌మెంట్ (విండోస్ ఎక్కనప్పుడు బాగుచేసే భాగం) అప్‌డేట్‌కి, డిస్క్‌లో దానికి కేటాయించిన రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ కావాలి. పాత లాప్‌టాప్‌లలో ఆ పార్టిషన్ చిన్నది, అంతే.

అప్పటికీ కాకపోతే ఫార్మాట్ అవసరం లేని ఆఖరి మందు: మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి విండోస్ 10 ఐఎస్‌ఓ (విండోస్ మొత్తం ఒకే ఫైలుగా ఉండేది) దించి, డబుల్ క్లిక్ చేసి, అందులో సెటప్ నడపండి. 'కీప్ పర్సనల్ ఫైల్స్ అండ్ యాప్స్' ఎంచుకుంటే మీ సాఫ్ట్‌వేర్లు, ఫాంట్లు అట్టాగే ఉంటాయి. ఆ ఎంపిక బూడిద రంగులో పనిచేయకుండా కనబడితే భాష తేడా వచ్చినట్టు: మీ విండోస్ యూఎస్ ఇంగ్లీషు అయితే ఐఎస్‌ఓ కూడా అదే కావాలి, 'ఇంగ్లీష్ ఇంటర్నేషనల్' పనికిరాదు. మన దగ్గర అమ్మిన లాప్‌టాప్‌లలో తరచూ ఉండేది 'హోమ్ సింగిల్ లాంగ్వేజ్' ఎడిషన్, మామూలు ఐఎస్‌ఓలో అదీ ఉంటుంది. షాపులో పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కించే 'లైట్' రకాలు మాత్రం వద్దు. వాటిలో అప్‌డేట్ సర్వీసే పీకేసి ఉంటుంది. ఇక ఆగడమనే ప్రశ్నే లేదు, నిజమే. బ్యాంకు పాస్‌వర్డులు కొట్టే మెషిన్‌లో కిటికీ ఊచలు పీకేసి గాలి బాగా వస్తోందన్నట్టు.

మీ విషయానికొస్తే సి5 సున్నా ఉన్నా సరే, ఎస్‌ఎస్‌డీ వేయించండి. 2.5 అంగుళాల సాటాది, 7 మిల్లీమీటర్ల మందం, 240 లేదా 256 జీబీ చాలు. పాత డిస్క్ 9.5 మిల్లీమీటర్లది అయితే ఎస్‌ఎస్‌డీ వదులుగా ఊగుతుంది, ప్లాస్టిక్ ఫ్రేమ్ వేయమనండి. డిస్క్ బాగుంటే క్లోన్ చేయొచ్చు, అంటే ఉన్నదున్నట్టు కొత్తదాని మీదికి దించొచ్చు, సెక్టార్లు పోయి ఉంటే క్లోన్ వద్దు, చెడిపోయిన ఫైళ్ళు కూడా కాపీ అవుతాయి. అప్పుడు కొత్తగా ఎక్కించుకోవడమే, ఫార్మాట్ అనే మాటకి అర్థం ఉన్న ఒకే ఒక్క సందర్భం అది. ర్యామ్ స్లాట్ ఖాళీ ఉంటే ఇంకో 4 జీబీ. బోర్డు మీద డీడీఆర్3ఎల్ అని రాసుంటే మామూలు డీడీఆర్3 తీసుకోవద్దు.

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్లలో పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి, దానికి విండోస్ 10 ఆఖరి వెర్షన్ 22హెచ్2, మైక్రోసాఫ్ట్ అకౌంట్ కావాలి. సెట్టింగ్స్ సింక్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. విండోస్ 11కి ఇంటెల్ అయితే ఎనిమిదో తరం, టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్ అడుగుతుంది, 2016 మెషిన్‌కి అధికారికంగా దారి లేదు. ఆ తర్వాత కూడా వాడాలంటే విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించండి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ లేఅవుట్‌లో తెలుగు కొట్టడానికి ఇబ్బంది లేదు, అనులో చేసిన పాత ఫైళ్ళకి మాత్రం విండోస్ కావాల్సిందే.

షాపుకి వెళ్ళేటప్పుడు ఫార్మాట్ మాట ఎత్తకముందే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో స్క్రీన్ చూపించమని అడగండి. ఎస్‌ఎస్‌డీ మార్పించాక పాత హార్డ్ డిస్క్ అక్కడ వదలొద్దు. అందులో మీ ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉంటాయి, అడిగి తెచ్చుకోండి.